జులు యోధుల ప్లాస్టిక్ బొమ్మలు సేకరించడం: డాలు చూసి ఎంచుకోవడం నుంచి అల్మారాలో నిలబెట్టేదాకా

దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ అనే మిషన్ స్టేషన్ దగ్గర జులు సైన్యం బ్రిటిష్ సైనికులతో పోరాడింది. నేను మొదటిసారి తయారుచేసిన ఆ దృశ్యంలో జులు యోధులందరూ ఇరవై ఏళ్ల కుర్రాళ్లే. అందరి చేతుల్లోనూ నల్ల డాళ్లే. మూడు పెట్టెలు కొని, రెండు నెలలు కూర్చుని రంగులు వేశాక, నింపాదిగా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. 1879 జనవరి 22 సాయంత్రం ఆ మిషన్ స్టేషన్ మీదికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది నలభై దాటినవాళ్లని, పెళ్లయిన మగవాళ్లని అప్పుడు తెలిసింది. వాళ్ల తల మీద నల్లటి చుట్టు ఉండాలి, చేతిలో తెల్ల డాలు ఉండాలి. నా బొమ్మల్లో ఒక్కదానికీ అవి లేవు.

అందుకే ఈ మార్గదర్శిలో కొనడం నాలుగో అడుగులో వస్తుంది. జులు యోధుడి బొమ్మ అంటే ఏదో అడవి మనిషి బొమ్మ కాదు. సొంత రాజు, సొంత రెజిమెంట్లు, వయసును బట్టి హోదా ఉన్న ఒక రాజ్యపు సైనికుడి బొమ్మ అది. అతను ఏ రెజిమెంటు వాడో చూడగానే చెప్పగలిగితే సేకరణ సగం పూర్తయినట్టే. అది చెప్పడానికి తల, డాలు చూస్తే చాలావరకు సరిపోతుంది.

మొదటి అడుగు: తలనూ డాలునూ చదవడం

జులు రాజ్యంలో ఒకే ఈడు మగపిల్లలందరినీ కలిపి ఒక రెజిమెంటుగా కట్టేవారు. దాన్ని ఇబుతో అంటారు, బహువచనం అమబుతో. ఆ రెజిమెంటు జీవితాంతం రాజుకు కట్టుబడి ఉండేది. యుద్ధం వస్తే పోరాడేది, లేనప్పుడు రాజు పశువుల్ని కాచేది, పొలాల్లో పనిచేసేది. పెళ్లి చేసుకోవాలన్నా రాజు అనుమతి కావాలి. ఆ అనుమతి మొత్తం రెజిమెంటుకు ఒకేసారి వచ్చేది. అప్పుడే వాళ్లు తల మీద ఇసికోకో పెట్టుకునేవారు. నార చుట్టి, జిగురుతో కలిపి జుట్టులోనే కుట్టి, నల్లగా మెరిసేలా నున్నగా పాలిష్ చేసిన రింగు అది.

కాబట్టి బొమ్మ చేతిలోకి తీసుకోగానే ముందు తల చూడండి. రింగు ఉంటే పెళ్లయినవాడు, సీనియర్ రెజిమెంటువాడు. లేకపోతే కుర్ర రెజిమెంటువాడు. 1/72 సైజు (అసలు మనిషిలో 72వ వంతు) బొమ్మల్లో ఈ రింగు చాలా చిన్నగా, జుట్టులో కలిసిపోయినట్టు ఉంటుంది. భూతద్దం పెట్టి చూడాల్సిందే.

తర్వాత డాలు. ఆవు తోలుతో చేసిన ఈ డాళ్లు యోధుడి సొంతం కావు, రాజువి. రాజు స్థావరాల్లో ప్రత్యేకంగా కట్టిన కొట్లలో దాచి, అవసరమైనప్పుడు ఇచ్చేవారు. ఒక్కో రెజిమెంటుకూ ఒక్కో రంగు. మామూలుగా చిన్న వయసు రెజిమెంట్లకు నలుపు లేదా ముదురు రంగులు ఇచ్చేవారు, అనుభవం పెరిగేకొద్దీ తెలుపు ఎక్కువయ్యేది. 1879 నాటికి ఈ కట్టుబాటు కొంత సడలింది గానీ, ముదురు రంగు కుర్రాళ్లది, తెలుపు పెద్దవాళ్లది అన్న సూత్రం సేకరణకు బాగా పనికొస్తుంది.

డాలు పొడవు కూడా ముఖ్యమే. జులు రాజ్యాన్ని కట్టిన రాజు షాకా కాలం నుంచి వాడిన పెద్ద యుద్ధ డాలు పేరు ఇసిహ్లాంగు. నాలుగడుగులకు పైగా ఉండి, మనిషిని భుజం నుంచి కింద దాకా కప్పేస్తుంది. 1856లో, తర్వాత రాజైన సెట్ష్వాయోకూ అతని సోదరుడు ఎంబుయాజీకీ మధ్య వారసత్వ యుద్ధం జరిగింది. ఆ కాలంలో సెట్ష్వాయో తేలిగ్గా ఉండే చిన్న డాలును వ్యాప్తిలోకి తెచ్చాడు. దాని పేరు ఉంబుంబులూజో, పొడవు సుమారు మూడున్నర అడుగులు. 1879లో ఎక్కువగా కనిపించింది ఇదే, పెద్దదాన్ని మోసినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ స్కేలు బద్దతో ఒక చిన్న లెక్క వేయొచ్చు. మూడున్నర అడుగులంటే దాదాపు 107 సెంటీమీటర్లు. 1/72లో అది 15 మిల్లీమీటర్లు, 1/32లో 33 మిల్లీమీటర్లు. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు, అంటే 1/72లో 17 మిల్లీమీటర్లు, 1/32లో 38 మిల్లీమీటర్లు. మీ దగ్గరున్న బొమ్మ డాలును ఒకసారి కొలవండి, అది ఏ కాలం డాలో మీకే తెలిసిపోతుంది. ఈ రెండింటికీ సరిపడని కొలతలతో, నిలువునా రెండు వరసల తోలు పట్టీలు కూడా లేని డాలు ఉంటే అది సాధారణ ‘ఆఫ్రికా యోధుడు’ బొమ్మ అయ్యుండొచ్చు. పాత బొమ్మల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. జులు పేరుతో అమ్ముతారు గానీ, వాటి ఆకులు, ముసుగులు, పుర్రెల దండలు జులు సైన్యానికి సంబంధించినవి కావు.

మిగతావి గబగబా చూద్దాం. చేతిలో వెడల్పాటి పొడవు ఆకు (ఇనుప మొన) ఉన్న పొట్టి ఈటె ఉంటే అది పొడవడానికి వాడే ఇక్‌ల్వా. చిన్న ఆకు, పొడవు కర్ర ఉంటే విసిరే ఈటె. కొస గుండ్రంగా ఉన్న దుడ్డుకర్ర పేరు ఇవీసా. నడుముకు వెనకవైపు దూడతోలు ముక్క, ముందువైపు బొచ్చు కుచ్చులు ఉంటాయి. చేతులకూ మోకాళ్ల కిందా ఆవు తోక వెంట్రుకల కుచ్చులు. పెద్ద పెద్ద ఈకల కిరీటాలు, నిండా బొచ్చు అలంకారాలు పండగలకూ రాజు ముందు కవాతులకూ వేసుకునేవే. యుద్ధానికి వచ్చేటప్పుడు చాలావరకు ఇంట్లో వదిలి వచ్చేవారు. బొమ్మ ఒంటినిండా ఈకలు ఉంటే దాన్ని కవాతు దృశ్యానికి దాచుకోండి, యుద్ధరంగంలో పెట్టకండి.

రెండో అడుగు: ఒక రోజును ఎంచుకోవడం

‘జులు బొమ్మలన్నీ’ అనుకుంటే సేకరణకు అంతు ఉండదు. ఒక తేదీ పట్టుకుంటే ఏం కొనాలో, ఏం వదిలేయాలో స్పష్టంగా తెలుస్తుంది.

షాకా పాలన 1816 నుంచి 1828 దాకా. ఆ కాలానికి పెద్ద డాళ్లు, ఈటెలు మాత్రమే ఉండాలి, తుపాకీ ఉన్న బొమ్మను పక్కన పెట్టాలి. 1838 డిసెంబరు 16న బోయర్లతో (డచ్ మూలాల తెల్ల వలసదారులతో) జరిగిన బ్లడ్ రివర్ యుద్ధానికీ పెద్ద డాలే. కానీ ప్లాస్టిక్ బొమ్మల్లో నూటికి తొంభై 1879 నాటి ఆంగ్లో-జులు యుద్ధానివే, కాబట్టి చాలామందిమి అక్కడే మొదలుపెడతాం.

ఆ యుద్ధం మనకు కావాల్సినంత మేరకు ఇదీ. దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ హైకమిషనర్ సర్ బార్టిల్ ఫ్రియర్, సెట్ష్వాయో రాజు ఒప్పుకోలేని షరతులతో 1878 డిసెంబరు 11న అల్టిమేటం ఇప్పించాడు. జులు సైన్య వ్యవస్థనే రద్దు చేయాలన్నది అందులో ఒకటి. గడువు ముగియగానే 1879 జనవరి 11న బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ సేనలు సరిహద్దు దాటాయి. జనవరి 22న ఇసండ్ల్వానా కొండ కింద ఉన్న బ్రిటిష్ శిబిరం మీద సుమారు 20,000 మంది జులు సైన్యం విరుచుకుపడింది. బ్రిటిష్ వైపు 1,300 మందికి పైగా చనిపోయారు. ఆ మధ్యాహ్నం పాక్షిక సూర్యగ్రహణం కూడా పట్టింది. అదే రోజు సాయంత్రం రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర దాదాపు 150 మంది బ్రిటిష్ సైనికులు మొక్కజొన్న బస్తాలు, బిస్కెట్ పెట్టెలు పేర్చి అడ్డుగోడ కట్టుకుని తెల్లవారేదాకా నిలిచారు. ఆ పోరాటానికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్‌లు 11 ఇచ్చారు. మార్చి 29న కంబులా దగ్గర జులు సైన్యం గట్టి దెబ్బ తింది. జులై 4న జులు రాజధాని ఉలుండిలో యుద్ధం దాదాపు ముగిసింది.

ఇప్పుడు దీన్ని బొమ్మల భాషలోకి మార్చాలి.

ఇసండ్ల్వానా అయితే అన్ని రకాలూ కావాలి. ఉవే, ఇంగోబమకోసి లాంటి కుర్ర రెజిమెంట్లు ఎడమ కొమ్ములో పరుగెత్తాయి. జులు వ్యూహాన్ని ఎద్దు ఆకారంలో ఊహిస్తారు. మధ్యలో ఛాతీ, రెండు పక్కలా చుట్టుముట్టే కొమ్ములు, వెనక ఆగి ఉండే నడుము. కాబట్టి పరుగెత్తే భంగిమల బొమ్మలు, ముదురు డాళ్లు కొమ్ములకు పెట్టాలి.

ఆ రోజు వెనక నడుము భాగంలో ఉండి, ఇసండ్ల్వానాలో పోరాటానికి అవకాశం దక్కని రెజిమెంట్లే నది దాటి రోర్క్స్ డ్రిఫ్ట్ మీదికి వెళ్లాయి. నాటాల్‌లోకి (నది అవతలి బ్రిటిష్ వలస ప్రాంతంలోకి) అడుగుపెట్టవద్దని రాజు చెప్పినా, ఆయన సవతి సోదరుడు దబులమాంజీ నాయకత్వంలో వెళ్లాయి. ఉతుల్వానా, ఇండ్లోండ్లో, ఉడ్లోకో, ఇండ్లుయెంగ్వే అన్నవి ఆ నాలుగు. మొదటి మూడూ పెళ్లయినవాళ్లవి, తెల్ల డాళ్లవి. సెట్ష్వాయో కూడా యువరాజుగా ఉతుల్వానాలోనే చేరాడు. ఇండ్లుయెంగ్వే ఒక్కటే పెళ్లికానివాళ్లది, ముదురు డాళ్లది. కాబట్టి రోర్క్స్ డ్రిఫ్ట్ కట్టాలంటే ప్రతి నాలుగు బొమ్మల్లో మూడింటికి తలరింగు ఉండేలా చూసుకోండి. పెట్టెల మీద బొమ్మలు చూసి కొంటే సరిగ్గా దీనికి తిరగేసిన నిష్పత్తి వస్తుంది.

కంబులా ఎంచుకుంటే ఒక సౌకర్యం ఉంది. ఇసండ్ల్వానాలో దొరికిన బ్రిటిష్ సైన్యపు మార్టిని-హెన్రీ తుపాకులు అప్పటికి జులు యోధుల చేతుల్లో ఉన్నాయి, ఆ తుపాకీ పట్టుకున్న బొమ్మలకు అక్కడ చోటుంది. ఇసండ్ల్వానాకైతే పాత మస్కెట్లే సరైనవి.

మూడో అడుగు: సైజు

మూడు సైజులు ప్రధానంగా ఉన్నాయి. 1/72 అంటే మనిషి సుమారు 23, 24 మిల్లీమీటర్లు. 28 మిల్లీమీటర్ల సైజు యుద్ధ క్రీడలు ఆడేవాళ్లది. 1/32 అంటే 54 మిల్లీమీటర్లు, చిన్నప్పుడు మనం ఆడుకున్న సైనికుల బొమ్మల సైజు ఇంచుమించు ఇదే.

నా సలహా సూటిగా చెబుతాను. సైన్యం చూపించాలంటే 1/72, మనిషిని చూపించాలంటే 1/32. జులు సైన్యం అందమంతా సంఖ్యలో ఉంది. కొండ వాలు నిండా డాళ్లు దిగుతుంటే కలిగే గగుర్పాటు పది పెద్ద బొమ్మలతో రాదు. ఇసండ్ల్వానాకు వంద మందికి ఒక బొమ్మ చొప్పున లెక్కేసినా 200 బొమ్మలు కావాలి. 1/72లో అవి ఒక బల్ల మీద సరిపోతాయి. అదే ఇసికోకో మెరుపు, డాలు తోలు మీద మచ్చలు, కుచ్చుల్లో వెంట్రుకలు చూడాలనుకుంటే 1/32లో ఐదు బొమ్మలు చాలు. రెండు సైజులూ కలపకండి. పక్కపక్కన పెడితే రెండూ చిన్నబోతాయి.

నాలుగో అడుగు: ఏ కంపెనీ, ఎక్కడ కొనాలి

1/72లో ఇటలీ కంపెనీ ఎస్కీ 1980ల్లో తెచ్చిన జులు యోధుల సెట్టే చాలామందికి మొదటి మెట్టు. దానికి జతగా ఆ యుద్ధపు బ్రిటిష్ పదాతిదళం సెట్టూ వచ్చింది. ఆ అచ్చులు తర్వాత ఇటాలెరీ చేతికి వచ్చి, కొత్త పెట్టెల్లో మళ్లీ అమ్ముడయ్యాయి. రోర్క్స్ డ్రిఫ్ట్ భవనాలతో కలిపిన యుద్ధ సెట్టు కూడా ఇటాలెరీ తెచ్చింది. పాత ఎస్కీ పెట్టె, కొత్త ఇటాలెరీ పెట్టె పక్కపక్కన కనిపిస్తే, పెట్టె మీద మోజు లేనివాళ్లు కొత్తదే తీసుకోవడం మేలు, ప్లాస్టిక్ తాజాగా ఉంటుంది.

1/32లో బ్రిటన్‌కు చెందిన ఎ కాల్ టు ఆర్మ్స్, అమెరికాకు చెందిన ఆర్మీస్ ఇన్ ప్లాస్టిక్, కాంటే కలెక్టిబుల్స్ సెట్లు పేరున్నవి. కాంటే బొమ్మల్లో కదలిక ఎక్కువ, కండరాలు, ముఖాలు స్పష్టంగా ఉంటాయి. నాకు అవే ఇష్టం. 28 మిల్లీమీటర్లలో వార్లార్డ్ గేమ్స్ గట్టి ప్లాస్టిక్ పెట్టెలు ఉన్నాయి. తలలు, చేతులు, డాళ్లు విడివిడిగా వచ్చి అంటించుకునే రకం.

పాత అమ్మకాల్లో బ్రిటన్స్ కంపెనీ జులు బొమ్మలు కూడా కనబడతాయి. వాటిలో చాలావరకు సీసంతో పోతపోసినవి, ప్లాస్టిక్ కాదు. అందమైనవే గానీ, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లకు అందనివ్వకండి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మామూలు బొమ్మల షాపులో ఇవి దొరకడం అరుదు. ఆన్‌లైన్‌లో విదేశాల నుంచే తెప్పించుకోవాలి. వస్తువు ధరకు పోస్టేజీ, కస్టమ్స్ డ్యూటీ, దానిపై జీఎస్టీ కలిపి ముందే లెక్క వేసుకోండి. చిన్న పెట్టెకు ఖర్చు రెట్టింపు కావడం మామూలే. అందుకే నేను ఒక్కో పెట్టె తెప్పించను. ఏడాదికి ఒకసారి జాబితా రాసుకుని, లండన్ నుంచో డల్లాస్ నుంచో సెలవులకు వచ్చే బంధువుల సూట్‌కేసులో ఒక మూల అడుగుతాను. పెట్టె విప్పి, బొమ్మలు అతికి ఉండే ప్లాస్టిక్ ఫ్రేములు మాత్రం బట్టల మధ్య చదునుగా పెట్టమని చెప్పండి. పెట్టె అట్టను విడిగా మడిచి తెస్తే చాలు.

డర్బన్‌లో బంధువులున్నవాళ్లకు ఇంకో మార్గం ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల కూలీలుగా దక్షిణాఫ్రికాకు మన ప్రాంతాల వాళ్ల వలస అప్పటినుంచే మొదలైంది. ఈ యుద్ధం జరిగినప్పుడు తెలుగు కుటుంబాలు ఆ నాటాల్ గడ్డ మీదే ఉన్నాయి. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. క్వాజులు-నాటాల్‌లోని డండీ ఊళ్లో టలానా మ్యూజియం ఉంది, అక్కడి నుంచి ఇసండ్ల్వానా, రోర్క్స్ డ్రిఫ్ట్ యుద్ధభూములకు వెళ్లొచ్చు. వెళ్లేవాళ్లుంటే బొమ్మల కన్నా ముందు డాళ్ల ఫొటోలు అడగండి. ముందువైపు, వెనకవైపు, దగ్గరగా పట్టీలు. రంగులు వేసేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

పాత బొమ్మలు కొనేటప్పుడు అమ్మేవాళ్లను మూడు విషయాలు అడగండి. ఎన్ని భంగిమలున్నాయి, ఈటెలన్నీ నిండుగా ఉన్నాయా, ఒక ఈటెను కొద్దిగా వంచితే తిరిగి వస్తుందా, విరుగుతుందా. ఒకసారి నేను ఫొటో చూసి నలభై బొమ్మల సంచి తెప్పించుకున్నాను. ఫొటోలో బాగానే ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే ఈటెలు అప్పడాల్లా విరిగాయి. ఎండకు, వేడికి, ఏళ్లకు పాత పాలిథీన్ పెళుసుబారుతుంది. దాన్ని మళ్లీ మెత్తబరచే దారి లేదు. ఆ మూడో ప్రశ్నకు సమాధానం రాకపోతే కొనకండి.

ఐదో అడుగు: కడగడం, సరిచేయడం

బొమ్మలు ఫ్రేములో ఉండగానే గోరువెచ్చని నీళ్లలో విమ్ లిక్విడ్ వేసి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమండి. అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి వాడే జిడ్డు కొంత బొమ్మల మీద మిగిలిపోతుంది. అది పోకపోతే రంగు పట్టదు. కడిగాక గుడ్డతో తుడవకండి, గాలికి ఆరనివ్వండి.

ఈటెలు వంగి ఉంటే ఒక కప్పులో బాగా వేడి నీళ్లు, ఇంకో కప్పులో ఐసు నీళ్లు పెట్టుకోండి. బొమ్మను పటకారుతో పట్టుకుని ఈటె భాగాన్ని వేడి నీళ్లలో పది, పదిహేను సెకన్లు ముంచి, తీసి, వేళ్లతో నిటారుగా చేసి, అలాగే పట్టుకుని ఐసు నీళ్లలో ముంచండి. మెత్తటి ప్లాస్టిక్‌కు ఇది బాగా పనిచేస్తుంది. పిల్లల్ని ఈ పనికి దగ్గరికి రానివ్వకండి.

అంచుల్లో మిగిలిన పల్చటి ప్లాస్టిక్ పొరను కొత్త బ్లేడుతో కోయాలి. మెత్తటి ప్లాస్టిక్‌ను ఆకురాయితో రుద్దితే నున్నబడదు, నూగులేస్తుంది. 28 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్‌కు మాత్రం ఆకురాయి, సాండ్‌పేపర్ రెండూ నడుస్తాయి.

అంటించడంలో కూడా ఈ తేడా గుర్తుంచుకోవాలి. గట్టి ప్లాస్టిక్‌కు మోడల్ సిమెంటు చక్కగా పట్టుకుంటుంది. మెత్తటి పాలిథీన్‌కు ఏ జిగురూ గట్టిగా అంటదు. ఫెవిక్విక్ తాత్కాలికంగా పట్టి, తర్వాత ఊడిపోతుంది. ఊడిన డాలును మళ్లీ పెట్టాలంటే చేతిలోనూ డాలులోనూ సన్నని రంధ్రం చేసి, చిన్న తీగ ముక్క దూర్చి, అప్పుడు జిగురు వేయండి.

తలరింగు లేని బొమ్మను పెళ్లయినవాడిగా మార్చడం ఈ సేకరణలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. 1/32 బొమ్మకు ఎం-సీల్ రెండు ముద్దలు కలిపి, దారంలా సన్నగా సాగదీసి, తలచుట్టూ నుదురుకు కాస్త పైన చుట్టి, తడివేలితో నున్నగా నొక్కండి. ఆరితే గట్టి రింగవుతుంది. 1/72కి సన్నని రాగి తీగను అగ్గిపుల్ల చుట్టూ తిప్పి చిన్న వలయం కోసి, తల మీద పెట్టి ఫెవిక్విక్ చుక్క వేస్తే సరిపోతుంది. అలాగే పొట్ట కొంచెం నిండుగా ఉన్న, నెమ్మదిగా నడుస్తున్న భంగిమల్ని ఈ మార్పుకు ఎంచుకోండి. నలభై ఐదేళ్ల మనిషి ఇరవై ఏళ్లవాడిలా దూకడు.

ఆరో అడుగు: రంగులు

ఎనామిల్ రంగులు మెత్తటి ప్లాస్టిక్ మీద పగిలి పెచ్చులూడతాయి. ఆక్రిలిక్ వాడండి. రంగుకు ముందు సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పల్చటి పూతగా వేసి ఒక రోజు ఆరనిస్తే, అది బొమ్మతో పాటు వంగే పొరలా తయారవుతుంది. రంగు దాని మీద నిలుస్తుంది. బొమ్మను సీసా మూత మీద అంటించి పట్టుకుంటే వేళ్ల జిడ్డు తగలదు.

ఇప్పుడు ఒంటి రంగు. దయచేసి నల్ల రంగు డబ్బా తీయకండి. నలుపు పూస్తే కండరాలు, ముఖం అన్నీ మాయమై నీడ మాత్రం మిగులుతుంది, మనిషి కనబడడు. స్టేషనరీ షాపులో దొరికే కామెల్ ఆక్రిలిక్ ట్యూబుల్లో బర్న్‌ట్ అంబర్, బర్న్‌ట్ సియెన్నా, యెల్లో ఓకర్ మూడు చాలు. బర్న్‌ట్ అంబర్‌లో మూడో వంతు సియెన్నా కలిపి, పల్చగా రెండు పూతలు. ఆరాక సియెన్నా పాళ్లు పెంచి భుజాలు, ఛాతీ, తొడలు, చెంపల మీద. చివరగా చిటికెడు ఓకర్ కలిపి ముక్కు మీద, నుదుటి మీద, మోకాలి చిప్ప మీద ఒక్కో గీత. ప్రతి ఐదు బొమ్మలకు కలిపే పాళ్లు కొద్దిగా మార్చండి. మన వీధిలో పది మంది నిలబడితే పది ఛాయలు ఉంటాయి, అక్కడా అంతే.

డాలుకు ఎంత సమయమైనా ఇవ్వండి. తెల్ల డాలుకు ట్యూబులోని తెలుపును అలాగే పూస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది. ఒంగోలు గిత్త ఒంటి మీది తెలుపు గుర్తు తెచ్చుకోండి, కొంచెం బూడిద, కొంచెం మీగడ. దాని మీద ఒకటి రెండు గోధుమరంగు మచ్చలు, అంచులు చెదిరినట్టు, తోలు మీద సహజంగా ఉండేలా వేయండి. జులు ప్రాంతపు ఎన్గూనీ జాతి పశువుల ఫొటోలు చూస్తే ఈ మచ్చల తీరు అర్థమవుతుంది. నల్ల డాలుకు నలుపులో కాస్త గోధుమరంగు కలపండి. నిలువునా ఉన్న రెండు వరసల తోలు పట్టీలకు డాలుకు విరుద్ధమైన రంగు: నల్ల డాలుకు తెల్లవి, తెల్ల డాలుకు నల్లవి. 1/72లో ఇవి అడ్డంగా వేసే చిన్న చిన్న గీతలే, ట్రిపుల్ జీరో బ్రష్ చాలు.

డాలు వెనకవైపు మాత్రం అందరూ మరిచిపోతారు. అక్కడ వెంట్రుకలు ఉండవు, పచ్చితోలు. దానికి ఎండిన తోలు రంగు, మధ్యలో నిలువు కర్రకు చెక్క రంగు వేయాలి. డాలు పైకొసన కర్రకు చుట్టిన బొచ్చుకు లేత గోధుమ మీద ముదురు చారలు. ముందూ వెనకా ఒకే రంగు పూసిన బొమ్మను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

మిగతా పని త్వరగా అయిపోతుంది. ఇనుప ఆకుకు ముదురు బూడిద, అంచున వెండి గీత. కుచ్చులకు మురికి తెలుపు. తలరింగుకు నలుపు, ఆరాక దాని మీద మాత్రం మెరిసే వార్నిష్ చుక్క, మిగతా బొమ్మంతా మ్యాట్ వార్నిష్. ఆ ఒక్క మెరుపు దగ్గర చూపు ఆగుతుంది.

ఏడో అడుగు: కాళ్ల కింది నేల

ఆఫ్రికా అనగానే చాలామంది ఎండిపోయిన పసుపు గడ్డి అతికిస్తారు. ఇసండ్ల్వానా, రోర్క్స్ డ్రిఫ్ట్ జరిగింది జనవరిలో. దక్షిణార్ధగోళంలో అది వేసవి, అక్కడ వానలు పడే కాలం. గడ్డి పచ్చగా, పొడవుగా ఉండాలి, నేల ఎర్రటి గోధుమరంగులో ఉండాలి. జులైలో జరిగిన ఉలుండికి చలికాలపు ఎండుగడ్డి సరిపోతుంది. జల్లించిన మట్టిని ఫెవికాల్ మీద చల్లి, ఆరాక రంగు వేస్తే చాలు. మట్టిని ముందు పెనం మీద బాగా వేయించండి, పురుగూ తేమా పోతాయి.

ఎనిమిదో అడుగు: దాచుకోవడం, రాసిపెట్టుకోవడం

మన వేసవిలో మూసి ఉన్న గదిలో గాజు అల్మారా ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. కిటికీ పక్కన, ఏసీ బయటి యూనిట్ గోడకు ఆనించి, అటక మీద పెట్టకండి. ఎండ నేరుగా పడని లోపలి గోడ మేలు. అల్మారాలో నాఫ్తలిన్ ఉండలు వేయకండి. ఆ ఆవిరికి గట్టి ప్లాస్టిక్ బొమ్మలు మెత్తబడి పాడవుతాయి. వానాకాలానికి సిలికా జెల్ పొట్లాలు వేస్తే చాలు. మెత్తటి వినైల్ బొమ్మల్ని గట్టి ప్లాస్టిక్ బొమ్మలకు తగిలేలా పెట్టకండి. పాత వినైల్ నుంచి కారే జిగట పక్కదాన్ని కరిగిస్తుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి బొమ్మకూ ఒక నంబరు, కంపెనీ, కొన్న తేదీ, ధర, మీరు చేసిన మార్పులు రాయండి. ఆ నంబరును పీఠం అడుగున పర్మనెంట్ మార్కర్‌తో రాసి, పక్కనే రెజిమెంటు పేరు కూడా రాయండి: ఉతుల్వానా, ఇండ్లుయెంగ్వే, ఇంగోబమకోసి. ‘జులు 14’ అని మాత్రం వదిలేయకండి. నా పాత దృశ్యంలోని ఇరవై నల్ల డాళ్ల కుర్రాళ్లను ఇప్పుడు ఇండ్లుయెంగ్వే అని రాసి పెట్టాను. వాళ్లకు ముందు నిలబడాల్సిన అరవై మంది తెల్ల డాళ్లవాళ్లలో పదిహేడు మంది పూర్తయ్యారు.